సంచి ఆగేదాకా

ఎల్లాజీ గుద్దితే మనిషి పడిపోతాడు. ఆ ఏడాది ఏప్రిల్ మొదటి వారంలో మాత్రం పడ్డ మనిషి లేచాడు. ఎల్లాజీకొచ్చిన చిక్కల్లా అదే.

మా షెడ్డు విశాఖపట్నంలో చేపలరేవు వెనక వీధిలో ఉంటుంది. ఒకప్పుడు వలలు దాచుకునే రేకుల షెడ్డు. లోపల ఒక బాక్సింగ్ రింగు, గోడవార ఒక బెంచీ, పైనుంచి పొడుగాటి గొలుసుకి వేలాడే పెద్ద సంచి. పాత తెరచాప గుడ్డతో కుట్టి, చిరిగిన వలల ముక్కలు కూరి మేమే తయారుచేసుకున్నాం. నేర్పేది సన్యాసినాయుడు మాస్టారు. పేరుకి సన్యాసే గానీ నలుగురు పిల్లల తండ్రి. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. నేను ఒకప్పుడు ఆయన దగ్గరే దెబ్బలు తిన్నాను. ఇప్పుడు పొట్ట వచ్చింది గనక గంట కొడుతున్నాను. గంటంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. రౌండు మొదలైనప్పుడు కొట్టాలి, మూడు నిమిషాలయ్యాక కొట్టాలి. షెడ్డులో అందరికీ నేను బాబాయ్‌నే. నా అసలు పేరు ఎవడికీ గుర్తులేదు, అడిగిన పాపాన కూడా పోలేదు.

ఎల్లాజీకి ఇరవై మూడేళ్ళు, తొంభై ఆరు కేజీలు. పొద్దున్నే రేవులో ఐసు దిమ్మలు మోస్తాడు, సాయంత్రం షెడ్డుకొస్తాడు. బరువులో అందరికన్నా పై తరగతి, సూపర్ హెవీవెయిట్. వాడి కుడిచెయ్యి తగిలినవాడికి ఆవేళ ఏ వారమో కాసేపటిదాకా గుర్తుకు రాదు. రెండేళ్ళలో తొమ్మిది పోటీలు ఆడాడు. తొమ్మిదీ మొదటి రౌండులోనే అయిపోయాయి. జిల్లా పోటీల్లో గంట నాదే గనక చెబుతున్నాను, ఎల్లాజీ ఆడుతుంటే అంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి లేదు. ఒకసారి కొట్టి కూర్చుంటే సరిపోయేది. రెండోసారి కొట్టే పని ఎప్పుడూ పడలేదు.

అడుగులు నేర్చుకోరా అంటే నవ్వేవాడు. ఎడమచేత్తో దూరం చూసుకోరా అంటే నవ్వేవాడు.

"ఒక్క గుద్దుతో అయిపోయేదానికి ఇన్ని డాన్సులెందుకు బాబాయ్?" అనేవాడు.

మాస్టారు వినేవారు. ఆయనకి ఉడకబెట్టిన వేరుశనక్కాయలంటే ప్రాణం. బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క కాయే ఒలుచుకుంటూ చూస్తుండేవారు. నాకైతే ఒళ్ళు మండేది. ఆయన స్థానంలో నేనుంటే వాడి చెవి మెలిపెట్టేవాణ్ని, చెవి అందితే.

రాష్ట్ర పోటీల ఫైనల్లో వాడికి కాకినాడ దేవసహాయం తగిలాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ముప్పై దాటాయి, కొంచెం బొజ్జ కూడా ఉంది. అతన్ని చూసి మా కాలనీవాళ్ళు నవ్వారు. నలభై సెకన్లు తిరిగేసరికి ఎల్లాజీ కుడిచెయ్యి తగిలింది, దేవసహాయం వెల్లకిలా పడ్డాడు. కాలనీవాళ్ళు డప్పులు అందుకున్నారు.

ఇక్కడ ఒక రూలు చెప్పాలి. రింగుకి నాలుగు మూలలు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది, ఆ రెండూ ఆటగాళ్ళవి. మిగతా రెండూ తెల్లవి, అవి ఎవరివీ కావు. అవతలివాడు పడిపోతే నిలబడ్డవాడు తెల్ల మూలకి వెళ్ళి నిలబడాలి. వాడు వెళ్ళేదాకా రిఫరీ అంకెలు మొదలుపెట్టడు. మొదలుపెట్టాక పది లెక్కపెట్టేలోగా పడ్డవాడు లేవకపోతే ఆట అయిపోయినట్టు.

ఇది ఎల్లాజీకి తెలియదా అంటే, మాస్టారు చెప్పారు, నేనూ చెప్పాను. కానీ అంతకుముందు వాడి చేతిలో పడ్డవాళ్ళెవరూ లేచే ఉద్దేశంలో ఉండేవారు కాదు. రిఫరీలు చెయ్యి ఊపి ఆట ఆపేసేవారు. వాడికి మూలతో ఎప్పుడూ అవసరం రాలేదు.

రిఫరీ తెల్ల మూల వైపు చెయ్యి చూపించాడు. ఆ పక్కనే, తాళ్ళకి అవతల, చీఫ్ గెస్టుగారి వేదిక ఉంది. మావాడు పెద్దలకి దండం పెట్టమంటున్నాడు కాబోలనుకున్నాడు. మూలలో ఆగకుండా తాళ్ళ దగ్గరికి వెళ్ళి, గ్లవ్స్ రెండూ జోడించి, వంగి నమస్కారం పెట్టాడు. చీఫ్ గెస్టుగారు మర్యాదస్తుడు, లేచి ప్రతి నమస్కారం చేశాడు. రిఫరీ మళ్ళీ అటే చూపించాడు. మావాడు పక్కనున్న ఆయనకి కూడా పెట్టాడు. అలా వరసగా అయిదుగురికి పెట్టాడు. నేను జేబులోంచి గడియారం తీసి చూస్తూనే ఉన్నాను. ఇరవై రెండు సెకన్లు. చివరికి రిఫరీ వచ్చి వాణ్ని రెక్క పట్టుకుని మూలకి లాక్కెళ్ళి, అప్పుడు ఒకటి అన్నాడు. ఏడు అనేసరికి దేవసహాయం లేచి నిక్కరు దులుపుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. దేవసహాయం దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. ఎడమచేత్తో ముక్కు మీద తడుతూ చుట్టూ తిరిగాడు. ఎల్లాజీ కుడిచెయ్యి గాలిని కొట్టింది. రెండో రౌండు గంట మోగినప్పుడు వాడి మొహం చూడాలి, ఇదేమిటి ఇంకా ఉందా అన్నట్టు. మూడో రౌండులో నోరు తెరుచుకుని చేతులు దించేశాడు. జడ్జీలు అయిదుగురూ దేవసహాయానికే ఇచ్చారు.

మర్నాడు సాయంత్రం ఎల్లాజీ షెడ్డుకొచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాస్టారూ, నా గుద్దు సాల్లేదండి. ఇంకా గట్టిది కావాల. ఈసారి పడ్డోడు మరి లెగకూడదు."

వాడి తొందరకి కారణం ఉంది. జూన్‌లో జాతీయ పోటీలకి ఆటగాళ్ళని ఎంచే ట్రయల్స్ ఉన్నాయి. ఆ బరువులో ఒక్కడికే చోటు, ఆడాల్సింది మళ్ళీ దేవసహాయంతోనే. ఇంకోపక్క మేనమామ లచ్చన్న. లచ్చన్నకి బోటుంది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం, ఏ బోటూ సముద్రంలోకి పోదు. ఎల్లాజీ ఓడిన రాత్రే లచ్చన్న మాట తీసుకున్నాడు.

"నిసేదం ఎత్తీసరికి నా బోటుకి మనిసి కావాల. ఆ సెలక్షనేదో వచ్చిందా సరే. నేకపోతే ఈ గుద్దులాట కట్టిపెట్టి బోటెక్కీ."

ఎల్లాజీకి బోటంటే చిన్నచూపేం కాదు. వాళ్ళ ఇంట్లో అందరూ సముద్రంలో బతికినవాళ్ళే. కానీ బోటెక్కితే ఇరవై రోజులు నీళ్ళ మీద, నాలుగు రోజులు ఒడ్డున. షెడ్డుకి రావడం ఉండదు. షెడ్డు లేకుండా సాయంత్రాలు ఏం చేసుకోవాలో వాడికి తెలియదు. ఆ భయం వాడి గొంతులోనే తెలుస్తోంది.

మాస్టారు చేతిలో కాయ నోట్లో వేసుకుని లేచారు. సంచి వైపు చూపించారు.

"కొట్టు."

ఎల్లాజీ కొట్టాడు. సంచి పైకి లేచిపోయి, గొలుసు కిర్రుమంటూ అటూ ఇటూ ఊగింది. రేకుల మీంచి దుమ్ము రాలింది. వాడు మెచ్చుకోలు కోసం మాస్టారి వైపు చూశాడు.

"ఇప్పుడు తెల్ల మూలకి వెళ్ళు" అన్నారు మాస్టారు.

"ఎందుకండి?"

"సంచి ఆగేదాకా అక్కడ నిలబడు. ఆగాక వచ్చి మళ్ళీ కొట్టు."

"ఇలా ఎన్నాళ్ళండి?"

"చాలని నేను చెబుతాను."

అంతే. ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

సంచి దగ్గర్నుంచి రింగు తెల్ల మూల గుంజకి పది అడుగులుంటుంది. ఎల్లాజీ వెళ్ళి గుంజ పక్కన నిలబడ్డాడు. నేను గడియారం పెట్టి చూశాను. ఆ సంచి పూర్తిగా నిలవడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. వాడొచ్చి ఇంకోటి కొట్టి మళ్ళీ వెళ్ళాడు. రింగులో మిగతావాళ్ళు గంటలో వందల గుద్దులు విసురుతుంటే వీడివి పాతిక కూడా తేలలేదు. షెడ్డంతా ముసిముసిగా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

రెండోరోజు వాడికి కోపం వచ్చింది. కోపం వచ్చినకొద్దీ గట్టిగా కొట్టాడు. గట్టిగా కొట్టినకొద్దీ సంచి ఇంకా ఊగింది, వాడు ఇంకాసేపు నిలబడ్డాడు. ఈ లెక్క వాడి బుర్రకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది.

అయిదోరోజు ఎవరూ చూడటం లేదనుకుని సంచిని చేత్తో పట్టి ఆపబోయాడు.

"దానంతట అది ఆగాలి" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

వారం గడిచాక మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. సంచి కొంచెమే కదిలింది, వాడు సంతోషంగా మూలకి బయల్దేరాడు.

"దాన్ని పలకరిస్తున్నావా?" అన్నారు మాస్టారు. "గుద్దు నేర్పమన్నావు. గుద్దు."

ఆరోజు షెడ్డు మూశాక నన్ను టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"బాబాయ్, మాస్టారు నన్ను సిచ్చిస్తన్నారా?"

"నేర్పుతున్నారు."

"ఏటి నేర్పతన్నారు? నిలబడ్డమా?"

"మరి నిలబడాల్సిన చోట నిలబడ్డావా? అయిదుగురికి దండాలు పెట్టుకుంటూ తిరిగావు."

వాడు టీ ఊదుకున్నాడు.

"ఆరో ఆయన కూడా ఉన్నాడు బాబాయ్. ఫోను మాటాడతన్నాడని ఒగ్గీసాను."

నాకు టీ పొలమారింది. వాడూ నవ్వాడు. ఓడిపోయాక వాడు నవ్వడం అదే మొదలు.

మూలలో నిలబడ్డవాడికి వేరే పనేముంటుంది, ఎదురుగా రింగులో ఆడేవాళ్ళని చూడటమే. అంతకుముందు వాడెప్పుడూ ఇంకొకళ్ళ ఆట చూసి ఎరగడు. తన సంచి కొట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇప్పుడు రోజూ రెండు గంటలు చూడక తప్పలేదు. మా షెడ్డులో కుసుమ అని నర్సింగు చదివే అమ్మాయి ఉంది, నలభై ఎనిమిది కేజీలు. ఆ పిల్ల అవతలివాళ్ళ చెయ్యి రాబోయే ముందు అర అడుగు వెనక్కి వేసి, అది పోగానే మళ్ళీ లోపలికొస్తుంది. ఎల్లాజీ మొదట్లో కళ్ళతో చూశాడు. తర్వాత వాడి కాళ్ళు కూడా మూలలో ఉన్నచోటే అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాయి. వాడికి తెలియకుండానే అనుకుంటాను.

ఒకరోజు కుసుమ సంచి కొడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సెల్లీ, నువ్వు కొడతంటే ఇది ఊగదేటి? ఉన్నకాడే ముడుసుకుంటంది."

"నా బరువెంత అన్నా, ఊగడానికి?"

"అది కాదు. సప్పుడు పెద్దదొస్తంది. ఊగట్లేదు."

కుసుమ గ్లవ్ తీసి చెమట తుడుచుకుంది. "నేను కొట్టి చెయ్యి తెచ్చేసుకుంటాను. నువ్వు దాంతోపాటు వెళ్ళిపోతావు."

రెండు రోజులు వాడు మూలలోంచి ఆ పిల్ల చేతుల్నే చూశాడు. తర్వాత మాస్టారిని అడగకుండానే కుసుమ ముందు రింగులో నిలబడ్డాడు. కొట్టేది ఆ పిల్ల, తప్పుకునేది వీడు. మొదటి మూడు నిమిషాల్లో వాడి నుదుటి మీద ముప్పై దెబ్బలు పడ్డాయి. వాడు ముప్పైసార్లూ "అబ్బా" అన్నాడు. షెడ్డుకి అంతకన్నా వినోదం ఏముంటుంది, వీధిలో వలలు అల్లేవాళ్ళు కూడా పని ఆపి తలుపు దగ్గర చేరారు. నెల తిరిగేసరికి ముప్పై కాస్తా ఆరుకి దిగింది.

నేను గంట కొట్టేవాణ్ని గనక నా చెవులు మంచివి. మే నెల చివర్లో ఒక సాయంత్రం షెడ్డులో కొత్త చప్పుడొకటి వినిపించింది. ధబ్బుమని కాదు, టప్‌మని. తిరిగి చూశాను. ఎల్లాజీ చెయ్యి అప్పటికే గడ్డం దగ్గరికి వచ్చేసింది. సంచి మధ్యలో లోపలికి సొట్టపోయి, వణికి, గొలుసు కిర్రుమనకుండా అలాగే నిలిచిపోయింది. వాడు మూలకి నాలుగడుగులు వేసి వెనక్కి చూసి ఆగాడు.

"ఆగిపోనాదండి" అన్నాడు మాస్టారితో. వాడికే నమ్మకం లేనట్టుంది గొంతు.

"మూలకి వెళ్ళు."

"ఆగిపోనాది కదండి."

"అయినా వెళ్ళు."

వాడు వెళ్ళి నిలబడ్డాడు. మాస్టారు చాలనలేదు. ట్రయల్స్ ముందురోజు కూడా అనలేదు.

ట్రయల్స్ జూన్ పన్నెండున. నిషేధం ఎత్తేయడానికి ఇంకా రెండు రోజులుంది. రేవులో బోట్లకి రంగులు వేసేశారు, లచ్చన్న బోటులో ఐసు కూడా ఎక్కించేశారు. లచ్చన్న చేతులు కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నాకు ఆవేళ గంట డ్యూటీ లేదు, మాస్టారి పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డాను. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాను. మాస్టారు జేబులోంచి రెండు వేరుశనక్కాయలు తీసి నాకిచ్చారు.

దేవసహాయం రింగులోకి వస్తూనే ఎల్లాజీని చూసి నవ్వాడు.

"ఈసారి దండాలు ఎవరికి బాబూ?"

"తమరికేనండి" అని ఎల్లాజీ గ్లవ్స్ జోడించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. లచ్చన్న నవ్వలేదు.

మొదటి రౌండులో దేవసహాయం ఎడమచెయ్యి ఎప్పటిలాగే వచ్చింది. ఎల్లాజీ అర అడుగు వెనక్కి వేశాడు. కొన్ని తప్పాయి, కొన్ని తగిలాయి. మా కాలనీవాళ్ళు "కొట్టరా, కుడిచెయ్యెయ్యరా" అని అరుస్తూనే ఉన్నారు. వాడు వెయ్యలేదు. గంట మోగింది. వాడొచ్చి స్టూలు మీద కూర్చుని నోరు పుక్కిలించాడు. ఊపిరి మామూలుగానే ఉంది.

"రెండోది ఉంది కదా బాబాయ్" అన్నాడు.

"ఉంది. మూడోది కూడా ఉంది."

"ఉండనీ."

రెండో రౌండు ఎవరిదో చెప్పలేను. మూడో రౌండులో ఇంకో నిమిషం ఉందనగా దేవసహాయం ఎడమచెయ్యి మళ్ళీ వచ్చింది, కొంచెం అలసటగా. ఎల్లాజీ అర అడుగు వెనక్కి వేసి లోపలికొచ్చాడు. కుడిచెయ్యి జానెడు దూరం వెళ్ళి ఉంటుంది, అంతకన్నా లేదు. టప్‌మంది. దేవసహాయం ఎగిరి పడలేదు. కాళ్ళు మడుచుకుని మెల్లగా కూలబడ్డాడు.

రిఫరీ చెయ్యి చూపించడానికి ఇటు తిరిగాడు. అక్కడ ఎల్లాజీ లేడు. అప్పటికే తెల్ల మూలలో, చేతులు రెండూ తాళ్ళ మీద వేసి నిలబడి ఉన్నాడు. వాడి పక్కనే వేదిక. పెద్దలందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వాడు అటు చూడలేదు. షెడ్డులో సంచిని చూసినట్టే పడ్డ మనిషినే చూస్తున్నాడు.

రిఫరీ ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. అయిదుకి దేవసహాయం మోకాలి మీద లేచాడు. తొమ్మిదికి నిలబడ్డాడు.

మా కాలనీ అంతా ఒక్కసారి ఉసూరుమంది. ఏప్రిల్‌లో ఆ మనిషి అలా లేవడంతోనే మావాడి ఆట అయిపోయింది. నేను భయంభయంగా ఎల్లాజీ మొహం చూశాను. వాడు తల ఊపుతున్నాడు, సరే మళ్ళీ వస్తున్నానన్నట్టు. రిఫరీ రమ్మనగానే మూల వదిలి వచ్చాడు. మిగిలిన సెకన్లలో పెద్ద గుద్దు ఒక్కటి కూడా వెయ్యలేదు. ఎడమచెయ్యి, అర అడుగు, మళ్ళీ ఎడమచెయ్యి. గంట మోగింది.

అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఎల్లాజీకి ఇచ్చారు.

నేను బకెట్ ఎక్కడ పారేశానో తెలియదు. సిగ్గులేకుండా ఏడ్చాను. దేవసహాయం వచ్చి ఎల్లాజీని కావలించుకున్నాడు.

"పోయినసారిది గట్టి గుద్దు. చూస్తూ పడ్డాను. ఇవాళ్టిది నాకు కనబడలేదు బాబూ" అన్నాడు.

లచ్చన్న చేతులు విప్పి వచ్చాడు. మేనల్లుడి మొహం అటూ ఇటూ తిప్పి దెబ్బలు చూశాడు. "బోటుకి ఇంకో మనిసిని సూసుకోవాల. రెండు రోజుల్లో నాకెవుడు దొరుకుతాడు?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ డప్పు కొట్టేవాడి చేతిలోంచి పుల్లలు లాక్కుని తనే నాలుగు దెబ్బలు వాయించాడు.

మర్నాడు సాయంత్రం షెడ్డులో మిఠాయిలు పంచారు. వాడు రాడేమో, పడుకుంటాడేమో అనుకున్నాను. అందరికన్నా ముందే వచ్చాడు. మిఠాయి నోట్లో పెట్టుకుని, చేతికి కట్టు కట్టుకుని సంచి కొట్టాడు. టప్‌మంది. పది అడుగులు నడిచి తెల్ల మూల గుంజ పక్కన నిలబడ్డాడు.

బెంచీ మీద మాస్టారు కాయ ఒలవడం ఆపారు.

"చాలు. వచ్చెయ్" అన్నారు.

రెండు నెలల నుంచి ఆ మాట కోసం ఎదురుచూసినవాడు, విని గంతులేస్తాడనుకున్నాను. వాడు కదల్లేదు. సంచి వైపే చూస్తున్నాడు.

"ఇంకా ఊగతందండి" అన్నాడు.

నేను సంచి వైపు చూశాను. నాకు ఊగుతున్నట్టేం కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. కనబడలేదు.

మాస్టారు లేచారు. వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని వెళ్ళి, వాడి పక్కన మూలలో నిలబడి, తను కూడా సంచి వైపు చూశారు. రౌండు మొదలయ్యే వేళయింది. నేను గంట కొట్టకుండా ఆగాను.